ముడి రొట్టె

దాని పేరు ప్రెట్జెలట.
మూడుసార్లు తప్పు పలికి
ముడి రొట్టె అని ఊరుకున్నాను.
దీవెనమ్మ నవ్వింది.
వచ్చిన పదకొండు రోజుల్లో అదే మొదలు.

తొమ్మిదేళ్ళు కువైట్‌లో ఎవరి వంటింట్లోనో
తెల్లారగట్ల కలిపిన పిండి ఇది.
ఫోనులో నాకెప్పుడూ చెప్పలేదు.
ఫోనులో మేం చెప్పుకున్నది
డబ్బు అందిందా, అందింది,
షారోను ఫీజు, మా అమ్మ మోకాలు,
వాన పడిందా, పడింది.

ఈస్ట్ పొట్లం పాలకొల్లులో బేకరీవాణ్ణి బతిమాలి తెచ్చాను.
నీళ్ళు ఎంత వేడి ఉండాలంటే
పురిటిబిడ్డకి పోసేంత, అంది.
అందులో పంచదార, ఆ మట్టిరంగు నూక.
కాసేపటికి నురగ కట్టింది
పంటు కదిలాక వెనకాల మిగిలే నీళ్ళలాగ.
మైదా పోసి, వెన్న వేసి,
జబ్బలు నొప్పెట్టేదాకా పిసికింది.
నా లుంగీ తడిపి గిన్నెమీద కప్పింది.
అక్కడ ఏసీలో గంటన్నర పట్టేదట.
సఖినేటిపల్లి మే నెల ఉక్కకి
ముప్పావుగంటలోనే లుంగీని పైకెత్తేసింది పిండి.

ఇక తాడు పేనడం.
ముద్దని అరచేతులకింద దొర్లిస్తే
మూరెడు, మూరన్నర,
నడుం లావు, కొసలు సన్నం.
ఇది నా పని, జరుగు అన్నాను.
ఇరవయ్యేళ్ళుగా రేవులో పంటు కట్టేవాణ్ణి,
పోటుకి ఎంత వదలాలో, పాటుకి ఎంత లాగాలో
చీకట్లో కూడా నా చేతికి తెలుసు.
కొసలు తిప్పి, మెలికేసి, లోపల్నించి దూర్చి
గుంజకి వేసినట్టు బిగించాను.
"లాగకు. అది గేదె కాదు" అంది.

సోడా వేసి మరిగిస్తున్న నీళ్ళలో వదిలామా,
ఆవిడ వేసిన మూడు ముడులూ చక్కగా పైకి తేలాయి.
నాది విడిపోయి
వానపాములా గిన్నె చుట్టూ తిరిగింది.

తాడు తడిస్తే బిగుస్తుంది కదా, అన్నాను.
పిండి తడిస్తే వదిలేస్తుంది, అంది.
బిగించకూడదు. కొసలు రెండూ దాని ఒంటికే ఆనించి
వేలితో ఒక్కసారి నొక్కి ఊరుకోవాలి.
ఇంతకంటే ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.
పొయ్యి పొగ చూరుతోంది.

ఓవెన్ లేదు. సొట్టపడ్డ డేగిసాలో ఏటి ఇసక పోసి
ఇటుకముక్కమీద పళ్ళెం ఎక్కించి
మూతమీద కొబ్బరిడొక్కల నిప్పులు పోశాం.
రొట్టెలమీద రాళ్ళుప్పు, నాలుగేసి పలుకులు.
ఒక పక్క మాడింది. రెండో పక్క
ఆషాఢంలో దిగే ఎర్రనీళ్ళ రంగు తిరిగింది.

మొదటిది తీసి దీవెనమ్మ
గోరుతో ఉప్పు గీకడం మొదలెట్టింది
గబగబా, దానివంక చూడకుండానే,
ఒక్కో పలుకూ కొంగులోకి.
సగం గీకి ఆగిపోయింది.
"ఫహద్‌కి ఉప్పు పడదు" అంది.
ఇంకాసేపటికి
"ఏడేళ్ళొచ్చాయి. నేను బయల్దేరేటప్పుడు
నిద్రపోతున్నాడు" అంది.

గడపలో కూచున్న షారోను చెయ్యి చాపింది.
"నాకు ఉప్పున్నదే ఇవ్వండి."
అండి అంది.
పక్కింటావిణ్ణి అన్నట్టు.

దీవెనమ్మ కొంగు విప్పింది.
గీకిన పలుకులన్నీ ఏరి
ఒక్కొక్కటీ మళ్ళీ అద్దడం మొదలెట్టింది.
చల్లారిన రొట్టెకి ఉప్పు అంటదు.
రాలిపోతున్నా అద్దుతూనే ఉంది.
పిల్ల చూసి చూసి
వేలు నాలిక్కి రాసుకుని, రొట్టె తడిపి
"ఇప్పుడు పెట్టు" అంది.

విడిపోయినదాన్ని నేను తీసుకున్నాను.
మధ్యాహ్నపు రొయ్యల ఇగురు అడుగున కాస్త ఉంటే
ముంచుకుని తిన్నాను. బాగానే ఉంది.
రేవులో ఆఖరి పంటు హారన్ కొట్టింది.
రేపు ఇంకో పొట్లం పట్టుకురమ్మంది దీవెనమ్మ.
రెండోదానికి ఉప్పు షారోనే చల్లుకుంది,
చాలా ఎక్కువ చల్లుకుంది.
దాన్ని ఎవ్వరం ఏమీ అనలేదు.