జేబుల మిగిలినవి

కోటును పెట్రోల్ల ముంచే ముందు
జేబులన్ని బయటికి తిప్పాలె.
నాయిన నేర్పిన మొదటి పని అదే, ఇస్త్రీ తర్వాతనే.
సోంపు గింజలు, మెట్రో టోకెను, పెన్ను మూత,
మడత మీద మడత పెట్టిన మందుల చీటీ.
ముప్పై ఏండ్ల సంది
నారాయణగూడ జేబుల ఏమున్నదో నాకెరుకే.

మొదటిది ఓ రిసెప్షన్ కోటుల దొరికింది.
క్యారం స్ట్రైకర్ అనుకున్న. కాదు, బరువు వేరే.
అంచు పొంటి తెల్ల చారలు, నడుమ బంగారు నెమలి.
కొలంబోల ఏదో కాసినోకు ఇరవై ఐదేండ్లు నిండినయట.
ఫోన్ చేసి చెప్పిన.
"పారేయ్ అన్నా, అది ఆటల చెల్లది.
ఊకె, గుర్తుకు ఇచ్చిన్రు" అన్నడు.
గుర్తుకు ఇచ్చినదాన్ని పారేయమనే మనిషిని
గప్పుడే చూసుడు.

పారేయలే.
గుండీల డబ్బాల ఏసిన.
గుండీల నడుమ అది
పిల్లల బడికి వచ్చిన పెండ్లికొడుకు లెక్కుండె.

ఇగ చెయ్యి మరిగింది.
గోవా పడవది, కాట్మండు ఖడ్గమృగం,
మకావ్‌ది ఎలుక సంవత్సరం, ఎలుకకు ఎర్ర కన్ను.
నేను మౌలాలి దాటి రైలెక్కక ఎన్నేండ్లాయెనో,
డబ్బా మాత్రం సముద్రాలు తిరిగింది.

జుమ్మేరాత్ బజార్ల పాత నాణేల మీర్ షుజాత్ సాబ్
కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి పాఠం చెప్పిండు:
"ఆసిడ్‌తోని కడగకు. అద్దం మీద జారవిడిచి విను.
మట్టిది టప్ అంటది, ప్లాస్టిక్‌ది టిక్ అంటది.
మియా, ఆడిన బిళ్లకు అంచు అరుగుతది.
పండుగ బిళ్ల అరగదు. దాన్నెవ్వడు పందెం కాయడు."

నెమలిని మళ్ల తీసి చూసిన.
ఓడలే, గెలవలే.
ఎవ్వరి ఏళ్ల నడుమ చెమట పట్టలే.
ఇంకోటి ఉన్నది, ఏ ఊరిదో అక్షరాలు తెల్వయి,
ఆ కాసినోనే కూలగొట్టిన్రంట.
ఇల్లు కూలినంక బిళ్లకు ధర పెరిగిందని
సాబ్ నవ్విండు. నాకు నవ్వు రాలే.

నాయిన పోయిన నాడు
దండెం మీది ఆయన అంగీ జేబు గూడ తిప్పిన,
అలవాటు.
ఏం లేదు.
తానే ముందుగాల చూసుకున్నట్టున్నడు.

పోయిన కార్తీకంల ఎర్రమంజిల్ నుంచి వకుళ మేడం వచ్చింది.
బూడిద రంగు సూటు, మూడొందల పద్దెనిమిది నంబరు.
"ఇందుల ఏమైనా దొరికిందా?"
అడిగిన తీరు అడిగినట్టు లేదు.
సారు విజయవాడ ఆడిట్‌కు పోయిన వారం అది.
నీలి బిళ్ల, పడవ బొమ్మ, పదో వార్షికోత్సవం, పణజి.
లేదందామని నోరు తెరిచిన,
చెయ్యి డబ్బాలకే పోయింది.

తిప్పి చూసింది. వెలుగుకు పెట్టి చూసింది.
"దీనికి ఎంతొస్తుంది?"
"ఏం రాదు మేడం. ఆటల చెల్లది. గుర్తుకు ఇస్తరు."
"గుర్తుకా" అన్నది.
పర్సు జిప్పు తెరిచి బిళ్ల లోపలేసుకుంది,
నా ఇత్తడి టోకెన్ కౌంటర్ మీద పెట్టి
మెట్లు దిగిపోయింది.
సూటు తీసుకపోలే.

తొమ్మిది నెలలాయె. కవర్ల దుమ్ము పట్టింది సూటు.
సారు రాలే, మేడం రాలే,
ఫోన్ చేద్దామని నంబరు దాక పోయి ఆగిపోత.

నీలి బిళ్ల జాగల మూడొందల పద్దెనిమిదిని పెట్టిన.
మొన్న బేస్తారం డబ్బా సాబ్‌కు చూపిస్తే
ఇత్తడిని ఏలుతోని తట్టి, చెవి దగ్గర పెట్టి,
"అంచు బాగ అరిగింది. ఏ దేశందిది?" అని అడిగిండు.
నారాయణగూడది సాబ్, అన్న.