కన్ను చూశాకే వెన్ను

యశవంతపుర యార్డు దాటితే రెండో సందులో మా స్కానింగ్ సెంటరు.
రాత్రి పదకొండింటికి కదిరెప్ప వచ్చాడు,
మూట దించినా దిగనట్టు
నడుం ఒక పక్కకి ఒరిగి.

చొక్కా విప్పమన్నాను. బెల్టు. మొలతాడుకున్న రాగిరేకు కూడా.
రేకు దగ్గర చాలాసేపు ఆలోచించాడు.
'ఒంట్లో ఇనుమేమైనా ఉందా?'
కాగితం మీది ప్రశ్న, రోజుకి ఇరవైసార్లు అడుగుతాను.
'తిన్న ముద్దలో ఉంటే ఉండాల' అని నవ్వి,
తర్వాత నిదానంగా గుర్తు చేసుకున్నాడు:
యార్డుకి రాకముందు పీణ్యలో గ్రైండింగు షెడ్డు,
ఓసారి ఎడమ కంట్లో రవ్వ.
'తీసేసినారులే మేడమ్, ఎవరో, గుడ్డ కొసతో.'

అయస్కాంతానికి ఆ 'ఎవరో' చాలదు.
ఇసుకరేణువంత మిగిలినా
పిలవగానే కదులుతుంది, కంటిని కోసుకుంటూ.
అందుకని ముందు కంటికి ఎక్స్‌రే.
నడుం నొప్పంటే కన్ను తీస్తారేందని
కౌంటరు దగ్గర తమ్ముడు గొడవ.
'కన్ను చూశాకే వెన్ను' అన్నాను.
సామెతనుకుని ఊరుకున్నాడు.

కంట్లో ఏమీ లేదు.

వెన్ను ఎక్స్‌రే ఆయన దగ్గర పాతదే ఉంది, నాలుగు మడతలతో.
ఎక్స్‌రే అంటే నీడ.
ఎముక అడ్డుపడిన చోట తెలుపు, గాలి ఉన్న చోట నలుపు,
మెత్తనివన్నీ బూడిదరంగులో ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి.
ఎదుటినుంచి చూస్తే ఒక్కో పూసా ఒక గుడ్లగూబ:
రెండు గుండ్రటి కళ్ళు, మధ్యన ముక్కు.
ఏ గూబైనా ఒక కన్ను మూసిందా, మాకు గుబులు.
కదిరెప్ప గూబలన్నీ మేలుకునే ఉన్నాయి.
ఎముక చిట్లి ఉంటే సీటీ చాలేది,
ముల్లంగిని చక్రాలుగా తరిగినట్టు చూపించేది.
మెత్తనివాటి సంగతి మాత్రం
నీళ్ళనే అడగాలి.

బల్ల సొరంగంలోకి జరిగింది.
చేతిలో రబ్బరు బంతి, భయమేస్తే నొక్కమని.
మైకులో మంజుళ: 'అల్లాడబేడి.'
కన్నడంలో అది 'కదలకండి'.
ఆయన మన భాషలో విన్నాడు.
'అల్లాడకుంటే ఈడికెందుకొస్తాను తల్లీ.'

ఇరవై నిమిషాల దడదడ.
బంతి ఒక్కసారీ నొక్కలేదు.

తెర మీద, పక్కనుంచి, బరువుకి వంగిన కొర్ర వెన్ను.
రెంటికీ ఒకే మాట పెట్టినవాళ్ళు ఏ తెర చూశారో.
కిందనుంచి లెక్కపెట్టకూడదు,
కొందరికి ఒక పూస ఎక్కువుంటుంది, కొందరికి తక్కువ.
మెడ నుంచి దిగుతూ వచ్చాను.
ఈ బొమ్మలో నీరు తెలుపు.
వెన్నుపాము ఆగిన చోటు నుంచి
గుర్రపు తోకలా నరాలు, తెల్లటి నీళ్ళలో.
పూసకీ పూసకీ మధ్య ముంజలు:
నడుములో పైన మూడూ లేతవి, నాలుగోది ముదురు,
ఐదోది ఎండి నల్లబడి, వెనక్కి ఉబ్బి,
ఎడమకాలికి దిగే నరం మీద
మోచెయ్యి ఆనించి కూర్చుంది.

అయినా చెప్పలేం.
మధ్యాహ్నం ఇదే బల్ల మీద ఇంతకన్నా నల్లటి ముంజ చూశాను,
ఆవిడ మెట్లెక్కి వచ్చి, మెట్లు దిగి వెళ్ళింది.
నొప్పి ఏ రంగులో పడుతుందో
నాకెవరూ నేర్పలేదు.

బిల్లు నాలుగువేల ఐదువందలు.
కదిరెప్ప పెదాలు కదిలాయి,
మూటకి తొమ్మిది రూపాయల లెక్కన.
'ఐదు నూర్ల మూటలు' అన్నాడు తమ్ముడితో,
కోపంగా కాదు, లారీ లోడు చెప్పినట్టు.
ఫిలిం తలకిందులుగా పట్టుకుని ట్యూబులైటుకి ఎత్తి చూశాడు.
నేను తిప్పి ఇచ్చాను.
రాగిరేకు మళ్ళీ కట్టుకున్నాడు, రెండు ముళ్ళు.

బయట వాన మొదలైంది.
పెద్ద కవరు తల మీద పెట్టుకున్నాడు, చెయ్యి ఆన్చకుండానే.
దాని బరువెంతని? అయినా
మెడ దానంతటదే నిటారైంది.
సందు మలుపు దాకా చూస్తూ
తడిచొక్కా మీదుగా లెక్కపెడుతున్నాను,
మెడ నుంచే, ఒకటి, రెండు.