ఎర్రసముద్రం

మ్యాపుల ఎర్ర సముద్రం యాడున్నదని సారు అడిగితే
కిటికీ దిక్కు చెయ్యి చూపిన.
బెత్తం విరిగింది. క్లాసంత నవ్వింది.
నలభై ఏండ్లాయె,
నా చెయ్యి ఇంకా అటే లేస్తది.

నర్సంపేటల బస్సు దిగి ఆటో ఎక్కితే
రెండు గుట్టల నడుమ ఒక కట్ట.
కట్టించినోళ్ల పేరు రాయి మీద సగమే ఉన్నది.
మిగిలిన సగం
బట్టలు ఉతికి ఉతికి మా ఆడోళ్లు అరగదీసిండ్రు.
తొలి వానకు గుట్టల మట్టి కడుక్కొని
జాజు కలిపినట్టొచ్చే నీళ్లను చూసి
ఎవడో సముద్రమని పేరు పెట్టిండు.
వాడు సముద్రం చూసినోడు కాడు.
చూసినోడైతే అంత ధైర్యం చెయ్యడు.

మా తాత నీరటి ఓదెలు.
పెద్దతూము మెట్లే ఆయనకు పంచాంగం.
'ఏడు మెట్ల నీళ్లున్నయి, రెండు పంటలు.
మూడే ఉన్నయా, మక్కలేసుకోండ్రి.'
మడికి మానెడు వడ్లు ఆయన జీతం,
కలహం వచ్చిన ఏడు అదీ లేదు.

పులి కోసం ఒక చలికాలం తాలూక్దారు దొర వచ్చిండట.
పులి దొరకలె, కొర్రమీను దొరికింది.
ఖాసిం అనే వంటాయన దాన్ని చింతపులుసు లేకుండ వండిండని
మా ముత్తవ్వ సచ్చేదాక తప్పువట్టింది.
ఆ దొర పండుకోవాలెనని కట్టిన బంగ్లానే
మా ఊరి మొదటి చుట్టాలగది.
తర్వాత దాంట్ల ఎవరెవరు పండుకున్నరో అడుగొద్దు.
కొన్నేండ్లు పొద్దుగూకినంక
ఈ తొవ్వల సైకిల్ బెల్లు గూడ మోగలె.
పగలు వచ్చినోళ్లకు, రాత్రి వచ్చినోళ్లకు
గట్టవ్వే అన్నం వండింది.
రెండుసార్లూ ఉప్పు ఎక్కువైంది.
ఎవ్వరూ ఏమనలె.

ఇప్పుడు బంగ్లాకు కొత్త సున్నం, ఏసీ.
తీగల వంతెన ఊగుతది.
హంసమూతి పడవలకు ఎండకు రంగు పొట్టు లేస్తది.
ఐతారం హన్మకొండ కార్లు,
కాజీపేట రైల్వే కాలనీ టిఫిన్ డబ్బాలు,
పెండ్లికి ముందే పెండ్లి ఫోటోలు దిగే జంటలు.
పిల్ల గౌను తోక నీళ్లల్ల నానకుండ
పట్టుకునేది గట్టవ్వ మనుమరాలు రజిత,
గంటకు రెండు వందలు.
కట్ట మీద చేపల బండికి బోర్డు: సీ వ్యూ హోటల్.
నవ్వకండ్రి, ఊరి పేరు చదివి నవ్వండ్రి.

టికెట్ల కాడ కూసునేది నేనే, ఓదెలు మనుమడిని.
తూము తాళంచేయి, పడవ టికెట్ల కట్ట
ఒక్క సొరుగుల పడి ఉంటయి,
పొద్దంత ఒకదాన్నొకటి రాసుకుంటయి.

మొన్నటేడు మొగులు వచ్చి వచ్చి మళ్లిపోయింది.
'పొట్టకొచ్చింది వరి, ఒక్క తడి' అని
కింది మడుల అయిలుమల్లు గడప దిగడు.
'నాలుగు మెట్లు దిగితే పడవలు కూలవడ్తయి,
సెలవుల సీజను' అని మేనేజరు.
ఇద్దరికీ చాయ్ తాపిన.
ఇద్దరికీ సరే అన్న.

ఆ రాత్రి తాళంచేయి ఎట్ల చేతికొచ్చిందో.
తూమెత్తినంక చీకట్ల నీళ్ల చప్పుడు.
సముద్రం గిట్లనే మోగుతదేమో,
నేను వినలె.

తెల్లారి హంసలు బురదల ఒక పక్కకు ఒరిగినయి,
కల్లు దిగని తాగుబోతుల లెక్క.
నీళ్లు దిగిన కాడ ఇంకో మెట్టు బయటవడ్డది,
తాత ఎన్నడూ లెక్కవెట్టని ఎనిమిదోది.
దాని మీద ఎవరిదో పాదం అచ్చు చెక్కి ఉన్నది,
చిన్నది, పిల్లదో ఆడమనిషిదో.

కౌంటరు ముంగట ఒక పిలగాడు నిలవడి
'సముద్రమన్నరు గద అంకుల్, అలలేవి?'
నా చెయ్యి కిటికీ దిక్కు లేచింది.
కట్ట కింద మడుల మీద గాలి పోతున్నది.
వాడు చూసిండో లేదో.
వాళ్ల నాయిన టికెట్ పైసలు వాపసు అడిగిండు.
ఇచ్చిన.