చివరి అంకె

జూన్ నెల. తవణంపల్లె దోవలో గుజ్జు ఫ్యాక్టరీ.
గేటు నుంచి కల్వర్టు దాకా ట్రాక్టర్లు,
వాటి నిండా తోతాపురి కాయలు, కాయల మీద వరిగడ్డి,
గడ్డి మీద నిద్రపోయే పిల్లకాయలు.
కాటా కాడ కంప్యూటరు మధ్యాహ్నమే చచ్చిపోయింది.

కొత్త డిస్కు పెట్టినాను.
ఈ ముసలి మిషన్‌కి రెడీమేడ్ ప్యాకేజీ ఏదీ కుదరలేదు,
వచ్చినవన్నీ దీని వయసు చూసి వెనక్కి తిరిగినాయి.
సొరుగులో, పాత రసీదు పుస్తకాల అడుగున, ఒక సీడీ.
మార్కర్‌తో రాసుంది: "కాటా సోర్సు. జాగర్త."
ఏడేళ్ల కిందట ప్రోగ్రాము రాసిన పిల్లోడు
మూడు నెలల జీతంతో బాటు దీన్నీ వదిలి పోయినాడంట.

కాన్ఫిగర్ అన్నాను.
అది పేర్లు పిలవడం మొదలుపెట్టింది,
హాజరు పుస్తకంలోంచి తలెత్తని అయివారి మాదిరి:
కంపైలరు ఉందా? ఉంది.
గడియారం? ఉంది.
ప్రింటరు? ఉంది.
సీరియల్ పోర్టుతో మాట్లాడే లైబ్రరీ?
లేదు.
అంతే, పుస్తకం మూసేసింది.

లోపల సిగ్నలు రాదు.
వాచ్‌మన్ చెంగల్రాయుడు నా ఫోను తీసుకొని
క్రేట్ల గుట్ట ఎక్కి, చెయ్యెత్తి నిలబడినాడు,
నాలుగు మెగాబైట్ల కోసం ఇరవై నిమిషాలు.
"వస్తా ఉండాదా పాపా?"
"చుక్క చుక్కగా వస్తా ఉండాదన్నా. కదలొద్దు."
తీరా వచ్చినాక అది ఇంకో లైబ్రరీని అడిగింది,
అప్పుకు పోతే ఆయమ్మే నన్ను చేబదులు అడిగినట్టు.
రాయుడు మళ్లీ గుట్టెక్కినాడు.

మేక్.
తెర నిండా అక్షరాలు పారినాయి.
ఫ్యాను రొదకి టేబుల్ మీది గ్లాసు వణికింది.
బయట ఎవరో హారన్ కొట్టినారు, ఆపకుండా.
కాయ వేడెక్కుతా ఉంది, తెల్లారేసరికి మెత్తబడితే
రెండో రకం రేటు.
నలభై ఆరో ఫైలు కాడ ఆగిపోయింది. ఎర్రర్.

తెరిచి చూసినాను. పాత కంపైలరు ఊరుకున్న మాటకి
కొత్తది ఊరుకోలేదు, అంతే.
కానీ దానికి రెండు లైన్ల పైన ఆ పిల్లోడి రాత,
ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట:
"యాభైకి దించు. ఓనరు చెప్పినాడు. నన్ను అడగొద్దు."

మూడుసార్లు చదివినాను.
కాటా చూపేది అయిదు కిలోల లెక్క.
రసీదులో మాత్రం ఎప్పుడూ చివర యాభై, లేదంటే రెండు సున్నాలు.
నాలుగు సీజన్లు ఈ కుర్చీలోనే కూర్చోని
ఆ రసీదులు నేనే చింపి ఇచ్చినాను.
గుండ్రంగా ఉన్న అంకెని ఎవరు అనుమానిస్తారు?
మా చిన్నాయన బండి కూడా ఈ కాటా మీదే తూగింది.
బండికి నలభై అయిదు కిలోలు పోతే రెండు క్రేట్లు.
రాత్రికి నూట ఇరవై బండ్లు.
లెక్క వేయడం ఆపేసినాను.

ఎర్రర్ సరిచేసినాను.
ఆ పై లైను మీద వేలు పెట్టి చానాసేపు ఉన్నాను.
రెడీమేడ్‌ది దొరికుంటే, సంచీ విప్పకుండానే
సరుకు మోసుకొచ్చి పెట్టేదాన్ని.
కొట్టేసినాను. పిల్లోడి రాత మాత్రం తీయలేదు.
మేక్, ఇంకోసారి.

ఇన్‌స్టాల్ అంటే పెద్ద అధికారం కావాలంది.
పాస్‌వర్డు ఓనరు కూతురి పేరు, పుట్టిన ఏడాది.
గేటు కాడ టీ అమ్మే ఆయనకీ తెలుసు.

రెండున్నరకి ఎర్ర అంకెలు వెలిగినాయి.
మొదటి బండి మునెమ్మది, గంగాధర నెల్లూరు.
కాయ దించి ఖాళీ బండి మళ్లీ కాటా ఎక్కినాక
ప్రింటరు గరగరమంటా గీసింది:
మూడువేల ఎనిమిది వందల ముప్పై అయిదు.
రసీదుని ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టుకొనింది.
"ఈ అయిదేంది పాపా? మిషన్ చెడిపోయిందా?"
"లేదు మా. బాగయింది."

ఓనరు ఎనిమిదికి వస్తాడు.
సీడీని టిఫిను డబ్బా సంచీలో పెట్టుకున్నాను.