తేమ మీటరు

లాకుకి ఇనప తలుపులు బిగించాక
పాత టేకు తలుపుల్ని కాలవ గట్టున వేలం వేశారు.
నాకు రెండు పలకలు దక్కాయి.
మార్టేరు దాకా మిల్లు లారీలో తెస్తుంటే
డ్రైవరు యోహాను అడిగాడు,
"వంటచెరుక్కా గుమాస్తాగారూ?"

కాదు. సొరుగున్న బల్లకి.
ఆదివారాలు నేను వడ్రంగిని,
అంటే ఉలి పట్టుకుని వేళ్ళు కాపాడుకునేవాణ్ణి.

ఒక మనిషి ఆయుష్షంత కాలం
నీళ్ళని భుజంతో ఆపిన చెక్క.
నరసాపురం పోయే పడవలు దాని ముందు
వంతు కోసం నిలబడేవట.
రంపం వేస్తే పొట్టులో నాచు వాసన.
నాలుగో ఆదివారం మేకొకటి తగిలి
చిత్రిక పన్ను ఊడింది.
మేకు చుట్టూ చెక్క, సిరా ఒలికినట్టు నల్లగా.

సింహాద్రాచారిగారు సాయంత్రాలు వచ్చి నా పని చూస్తారు.
చూడ్డమంటే, నవ్వాపుకోవడం.
"గీత మీద కొయ్యకు బాబూ, గీత పక్కన కొయ్యి.
గీత సాక్షి. సాక్షినే చంపేస్తే
రేపు తగువెవరు తీరుస్తారు?"
ఉలికి ముందు వీపు సాన పట్టమంటారు,
ముఖం సంగతి అందరూ చూసుకుంటారట.
బెజ్జం ముందు, కుసె తర్వాత.
పెద్దదైన బెజ్జాన్ని బ్రహ్మ కూడా చిన్నది చెయ్యలేడు,
కుసెనైతే ఉల్లిపొరలా ఒలుచుకోవచ్చు.

నా మొదటి కుసె
చెంబులో గరిటెలా ఆడింది.
మిల్లు తూకం చీటీ నాలుగు మడతలు పెట్టి దూర్చాను.
ఆయన చూడనట్టే చూశారు.

సొరుగు దగ్గరే మాట వినలేదు.
"ఈ ఊరి చెక్క ఊపిరి పీలుస్తుంది,
పోస్టుకార్డు పట్టే సందుంచు" అన్నారు.
నా దగ్గర యంత్రముంది కదా!
శనివారం రాత్రి మిల్లు తేమ మీటరుని
క్యారేజీ సంచిలో దాచి ఇంటికి తెచ్చాను.
ధాన్యం పోసే గిన్నెలో రంపపు పొట్టు పోసి మూత తిప్పితే
పద్నాలుగంది.
పద్నాలుగైతే ధాన్యం కొనేస్తాం, మారు మాట్లాడం.
గాలి కూడా పక్కకి తిరిగి నడిచేంత బిగుతుగా
సొరుగు కుదిర్చాను.
ఆ గర్వంలో మీటరుని అందులోనే పెట్టి తోశాను.
'ఉఫ్' మంది, దీపం ఆర్పినట్టు.

ఆ రాత్రే అల్పపీడనం.
మూడు రోజులు వాన, తీగల మీద కొబ్బరి మట్టలు.
నాలుగో పొద్దున మిల్లు ముందు ట్రాక్టర్లు,
తడిసిన ధాన్యం, తడిసిన మొహాలు.
సొరుగు లాగితే
బల్ల మొత్తం నా వెనకే వచ్చింది.

ఇక చేసేదేముంది?
పాతికేళ్ళ కింద పెదగుమాస్తా నేర్పినట్టు
గింజ తీసి పంటి కింద పెట్టుకున్నాను.
మెత్తగా నలిగితే పచ్చి.
కటుక్కుమంటే కొట్లోకి.
సాయంత్రానికి నాలుక మీద ఊక, దవడ నెప్పి.
మట్టపర్తి దుర్గారావు ఒక్కడే తిరగబడ్డాడు,
"మిషనేదీ? నీ పళ్ళకి ముద్రేసిందెవరు?"
నా అరచేతిలో గింజ లాక్కుని తానే కొరికాడు.
కాసేపు నమిలాడు.
"ఇంకో రెండెండలు పోస్తాలే" అని
ట్రాక్టరు వెనక్కి తిప్పాడు.

యజమాని మీటరు ఖరీదు జీతంలో కోసుకున్నాడు.
గునపం తీసుకుంటే ఆచారిగారు ఆపారు.
కణుపులతో బల్ల మీద తట్టి, చెవి ఆనించి,
"మింగేసింది. కక్కేదాకా ఆగు."

మాఘమాసంలో ఒక రాత్రి, పొడిగాలి తిరిగాక,
చీకట్లో 'టక్' మని చప్పుడు.
వేలు పెట్టి లాగితే వచ్చేసింది.
మీటరు చచ్చిపోయి ఉంది,
గిన్నెలో నా రంపపు పొట్టు అలాగే.

తెల్లారి సొరుగు పక్కని చిత్రిక పట్టాను.
ఒక్క పొర. పోస్టుకార్డు మందం.
చుట్ట చుట్టుకుని పైకి లేచిన ఆ పొరని
ఎందుకో పంటి కింద పెట్టుకున్నాను.

కాలవ రుచి
ఇంకా ఉంది.