ముప్పై ఏడో ఆకు

మద్దిలేటి సార్ చేతులు
అన్నం కలిపేటప్పుడు కూడా
నిమ్మగడ్డి నూనె వాసనేసేవి.
బుధవారపేట నుంచి సైకిలు మీద వచ్చేవాడు.
దుమ్ము దులిపే పనికి చేరి
తాళపత్రాల గది తాళంచెవి దాకా రావడానికి
పంతొమ్మిదేండ్లు పట్టిందంట.

నేను అటెండరుగా చేరిన దినం
కట్ట ఒకటి విప్పి
వెదురుపుల్లతో చూపించినాడు:
"ఈ బొక్క చూడు హుసేనమ్మా,
పురుగు ఈడ మొదలుపెట్టి
తొమ్మిదాకులు దాటి అలిసిపోయింది.
మనకంటే ముందు చదివినోళ్లు వీళ్లే."

ఆ కట్టలోనే, ముప్పై ఏడో ఆకు అంచున,
కడుపునొప్పికి కషాయం చెప్తా చెప్తా
రాయసగాడెవరో గంటం పక్కకు జరిపి గీకిన ముక్క:
నేడు మా ఎనుము ఈనింది. దూడ బతికింది.

సార్ దాన్ని కేటలాగులో ఎక్కించినాడు.
తనిఖీకొచ్చిన ఆఫీసరు
ఎర్రసిరాతో కొట్టేసి "అనవసరం" అని రాసినాడు.
సార్ ఎదురు మాట్లాడలా.
కారు గేటు దాటినాక
కింది గడిలో మళ్లా రాసినాడు,
ఈసారి కొంచెం పెద్ద అక్షరాలు.

హంద్రీ మెట్లెక్కిన రేత్రి
ఆయన ఇంటికి పోలా.
లుంగీ ఎగగట్టి, ఒక్కో కట్టా నెత్తిన పెట్టుకొని,
బాలింతను మోసినట్టు,
మిద్దె మీదికి.
మూడు దినాల తర్వాత ఎండలో పరిచి లెక్కేస్తే
పోయింది ఒక్కాకు.
సార్ లెక్క రెండోసారి వేయలా.

ఇప్పుడు తాళంచెవి నాకాడుంది.
పరిశోధనకొచ్చిన పిల్లలు
రిజిస్టర్లో ఎర్రగీత కింద ఆ ఎనుమును చూసి
మూలం యాడుందమ్మా అంటారు.
ఏటి దిక్కు చెయ్యి చూపిస్తా.
దూడ మాత్రం బతికిందంట,
రాసుకోండి.