ఏమీ లేని చప్పుడు

గుడారం నాలుగు రియాళ్ల ఎనిమిది వందల బైసాలు,
రువీ బజార్లో, బేరమాడాక.
ఎలా నిలబెట్టాలో చెప్పే కాగితంలో
ఒక్క ముక్క మాకొచ్చిన భాషలో లేదు.
బొమ్మలోని మనిషి మాత్రం నవ్వుతున్నాడు,
వాడి మేకులు గట్టినేలలో దిగుతున్నాయి మరి.

బిదియా ఇసుకలో మేకు కొట్టడమంటే
పాలల్లో చెంచా నిలబెట్టడమే.
ఒక మూల బిగిస్తే ఇంకో మూల లేస్తుంది,
నిద్ర రాని పిల్లాడిలా.
పదిహేనేళ్లుగా మేడల అంచున మెషీన్లు బిగించినవాణ్ణి,
నా పిల్లల ముందు ఒక గుడ్డని నిలబెట్టలేక
చెమటలు కక్కాను.

మేకల బండి ఆపి ఒక ముసలాయన దిగాడు.
సలాం తప్ప మాటేం లేదు.
మా ఖాళీ బియ్యం సంచి తీసుకున్నాడు,
ఇసుకతో నింపి, తాడు కట్టి, గొయ్యి తీసి పాతాడు,
లాగి చూడమన్నట్టు గడ్డం ఎగరేశాడు.
లాగాను.
ఎడారి కదల్లేదు.
సోనా మసూరి అని ఎర్రక్షరాలున్న ఆ సంచే
రాత్రంతా మమ్మల్ని పట్టుకుని ఉంది.

పిల్లలు తిన్నెల మీంచి జారారు
నేను వర్క్‌షాపు నుంచి తెచ్చిన ఏసీ అట్టపెట్టె మీద,
‘ఈ వైపు పైకి’ అని బాణం గుర్తున్న అట్ట మీద
కిందికి, కిందికి, కిందికి.
పులిహోర పంటి కింద కరకరలాడింది.
“ఇవి ఆవాలా, ఎడారా?” అంది ఉత్పల.
“రెండూనూ. నమిలి మింగు,” అంది కుసుమ.

లైటు ఆర్పాను.
కాసేపటికి లోహిత్ లేచి కూర్చున్నాడు.
“నాన్నా, ఆ చప్పుడు ఆపు.”
“ఏ చప్పుడు?”
“ఏమీ లేని చప్పుడు.”

అప్పుడు నాకూ వినబడింది.

మా ఇంట్లో కిటికీ తీస్తే సందు,
సందు నిండా ఇరవై రెండు కాపురాల ఔట్‌డోర్లు.
ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు నుంచీ
వాడికి జోల పాడింది అవే.
చలికాలంలోనూ చల్లదనం తీసేసి
ఉత్త ఫ్యాను నడుపుతాం, ఆ రొద కోసం.

కథ చెప్పాను. జో కొట్టాను. నీళ్లు తాగించాను.
వాడి కళ్లు చీకట్లో ఇంకా పెద్దవయ్యాయి.
ఒంటిగంటకి
నేనే ఏసీనయ్యాను.

ముందు టక్. రిలే పడాలి కదా.
తర్వాత చిన్న వణుకు, కంప్రెసర్ లేచేటప్పటిది.
ఆ పైన మ్‌మ్‌మ్‌మ్, పెదవులు మూసి, ఒకే గతిలో,
ఒకటిన్నర టన్ను, పాత మోడలు,
మూడో అంతస్తు వాళ్లది అచ్చం ఇలాగే మోగుతుంది.

“ఇరవై నాలుగులో పెట్టు,” నిద్రలోనే ఉత్పల.
“గ్యాస్ తగ్గినట్టుంది,” దుప్పట్లోంచి కుసుమ.
నవ్వొచ్చి శబ్దం తెగింది.
వాడు కళ్లు తెరిచాడు.
మళ్లీ టక్.

వాడి వీపు నా రొమ్ముకి ఆనుకుని ఉంది,
నా మోత వాడి ఎముకల్లోకి దిగుతోంది.
ఎన్ని మోటార్లకి చెవి ఒగ్గి జబ్బు చెప్పానో,
మోటారు లోపల ఉండటం ఇదే మొదలు.

ఎప్పుడు పడుకున్నాడో తెలీదు.
నేను ఒక్కసారిగా ఆగలేదు.
వేగం తగ్గించి, తగ్గించి,
ఉత్త ఊపిరి దాకా దించాను.
తర్వాత బయటికొచ్చి
వాడు భయపడ్డ దానిలో ఒక్కణ్ణే కూర్చున్నాను.
ఒంటెలు కూడా లేవు.
పదిహేనేళ్లలో
ఏదీ రిపేరుకి రాని రాత్రి.

ఆదివారం కుర్మ్‌లో ఒక విల్లా.
బెడ్రూం మెషీను గోల చేస్తోందట.
గొంతు ఇంకా పెగల్లేదు, తలూపి నిచ్చెనెక్కాను.
బ్రాకెట్ దగ్గర ఒక మర వదులైంది, అంతే.
బిగించాను. గది చప్పబడింది.
దిగుతుంటే మూలన ఉయ్యాలతొట్టి,
కమ్మీల మధ్య నుంచి ఒక పిడికిలి,
విచ్చుకుంటూ.

మళ్లీ రెండు మెట్లెక్కి
మర పావు చుట్టు వెనక్కి తిప్పాను.